తేలిందండీ, రాజావారూ!

ఏటి ఎగువన గుంటనక్క గవరయ్య మాంసం దుకాణం పెట్టిన నాటినుంచి దిగువనున్న అడవంతా ముక్కు మూసుకుని నీళ్లు తాగుతోంది. ముక్కు మూసుకుంటే నీళ్లెలా తాగుతారని నన్నడక్కండి. ఆ అడవిలో అప్పటికే ఎవరికీ ఏదీ సరిగ్గా అర్థం కావడం లేదు.

గేదె బూదెమ్మకి మాత్రం ఒక్కటి అర్థమైంది. ఆ నీళ్లు తాగినప్పటినుంచి ఆమె దూడ విరేచనాలు పట్టి, పారుకుని పారుకుని లేవలేకుండా పడి ఉంది. తాగడానికి మరో ఏరు లేదు. ఆమె వెళ్లి సింహంగారి ముందు మొరపెట్టుకుంది.

"ఆ దుకాణం అక్కణ్ణించి తీయించండి రాజావారూ! కుళ్లంతా ఏట్లో కలుస్తోంది. నా బిడ్డ దక్కేలా లేదండీ."

గవరయ్య అక్కడే ఉన్నాడు. రాజుగారికి రోజూ తొడకండ తెచ్చేది అతనే మరి.

"అయ్యయ్యో, అక్కా! నీ బిడ్డ నా బిడ్డ కాదూ? చెత్తంతా నేను గొయ్యి తీసి పాతిపెడుతున్నానే! తొందరపడి ఒకర్ని అనకూడదు. నిజం నిలకడ మీద తెలుస్తుందన్నారు పెద్దలు. శాస్త్రం తెలిసినవాళ్లనే అడుగుదాం."

శాస్త్రం తెలిసినవాడు ఆ అడవిలో ఒక్కడే, కొంగ ఏకపాదాచార్యులు. నీళ్ల సంగతుల్లో దిట్ట. ఈమధ్య గవరయ్య దుకాణం వెనకే ఆయనకో పరిశోధనశాల వెలిసింది. పూటపూటా లేత కార్జం ముక్కలు కూడా అక్కడికే వస్తున్నాయి.

ఆచార్యులు ఏటి అంచున ఒంటికాలిమీద నిలబడి, కాసేపు కళ్లు మూసుకుని, సభకొచ్చి చెప్పాడు.

"నీటికి కంపున్న మాట వాస్తవం. అది మాంసం వల్ల కావచ్చు, కాకపోనూవచ్చు. ఆకు కుళ్లినా కంపే. మేక గడ్డం తడిసినా కంపే. గేదె స్నానం చేసినా కంపే. కనుక కారణం ఇంకా తేలలేదు."

"అయితే తేలేదాకా దుకాణం కదపడానికి వీల్లేదు" అని సింహంగారు ఉత్తర్వు వేశారు.

సభంతా అయోమయంలో పడింది. మేక తన గడ్డం తానే వాసన చూసుకుని, "అయితే ఆ కంపు నాదేనంటావా?" అంది.

"ఏమోనే! శాస్త్రం కదా, కాదనలేం" అంది గాడిద.

బూదెమ్మకి చదువు లేదు. తేలలేదంటే, ఏదో నీళ్లమీదికి తేలాలి కాబోలనుకుంది. దుకాణం పక్కన ఏరు మడుగు కట్టిన చోట గట్టున కూర్చుని నీళ్లకేసి చూడసాగింది. తుంగపరక తేలింది. ఎండుటాకు తేలింది. ఇంటికెళ్తే దూడ మూతి కూడా ఎత్తలేదు. ఇక ప్రాణం ఆగక పరుగున వెళ్లి కొంగ కాళ్లమీద పడింది.

"ఆచార్లుగారూ, పొద్దుణ్ణించీ చూస్తన్నానండీ. ఏదీ తేలట్లేదు. ఎప్పుడు తేలుద్దండీ?"

కార్జం మింగుతున్న కొంగకి విసుగొచ్చింది. "పైపైన చూస్తే ఏం తేలుతుందమ్మా? లోతుకి దిగాలి!"

"లోతుకి దిగితే తేలుద్దాండీ?"

"తప్పకుండా తేలుతుంది. ఇక వెళ్లు."

ఆచార్యులు తన జన్మలో మోకాలిలోతు దాటి దిగిన పాపాన పోలేదు. బూదెమ్మకి మడుగంటే పుట్టిల్లు. ఈ మాట ముందే చెబితే పోయేది కదా అనుకుని దబ్బున దిగింది. అడుగుదాకా వెళ్లి, బురదలో గేదెలు చేసే పనే చేసింది. పొర్లింది, తొక్కింది, కొమ్ములతో కుమ్మింది.

గవరయ్య పాతిపెట్టానన్నదంతా అక్కడే ఉంది. పేగులూ పొట్టలూ తోళ్లలో మూటగట్టి, మూటకో రాయి కట్టి ముంచేశాడు. బూదెమ్మ తొక్కుడికి రాళ్లు ఊడిపోయాయి. మూటలు బుడుంగు బుడుంగుమంటూ పైకొచ్చి, వరసగా ఏటివాలున బయల్దేరాయి. దిగువన దాహానికి వంగిన సింహంగారి ముక్కుకి మొదటి మూట తగిలింది.

వెనకాలే కొమ్ములకి నాచు వేలాడుతుండగా బూదెమ్మ సంబరంగా పరిగెత్తుకొచ్చింది. "తేలిందండీ, రాజావారూ! ఆచార్లుగారు చెప్పినట్టే, లోతుకి దిగ్గానే తేలిందండీ!"

అడవంతా గట్టున చేరింది. గవరయ్య, "ఎగువనుంచి కొట్టుకొచ్చి ఉంటాయి" అని గొణిగాడు. అతని దుకాణానికి ఎగువన బండరాళ్లు తప్ప ఏమీ లేవు.

"ఏమంటారు, ఆచార్యా?" అని సింహంగారు అడిగారు.

కొంగ కాలు మార్చి నిలబడింది. "తేలినవి ఏమిటన్నది ఇంకా..."

"తేలలేదా?" అని గాడిద ఓండ్రపెట్టింది. గట్టంతా నవ్వింది. రాజుగారికి తిన్న తొడకండలన్నీ గొంతుకి అడ్డంపడ్డట్టున్నాయి. ఎవరి మొహమూ చూడకుండా దుకాణం పీకేయమన్నారు. కార్జం ఆగిపోవడంతో ఆచార్యులు మరో ఏరు వెతుక్కుంటూ ఎగిరిపోయాడు.

నీళ్లు తేటపడ్డాయి. దూడ తాగింది, నెమ్మదిగా లేచి నిలబడింది. బూదెమ్మ దాని వీపు నాకుతూ మేకనడిగింది. "అంత చదువుకున్నాయన కదే! దిగితే తేలుద్దని తెలిసీ ఆయనే ఎందుకు దిగలేదంటావ్?"

"దిగితే కాళ్లు తడుస్తాయి, నోరు ఎండుతుంది" అంది మేక.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు గానీ, రాయి కట్టి ముంచిన నిజం కలబెడితేనే తేలుతుంది.