పువ్వు లేని పిడికిలాకు

అనగనగా ఒక రాజుగారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల జటాలుడనే మాంత్రికుడు హేమలేఖ అనే రాకుమారిని చెరలో పెట్టాడు. "పిడికిలాకు పువ్వు తెచ్చినవాడికే పిల్లనిస్తాను. తేలేనివాణ్ణి రాయి చేస్తాను" అని చాటింపు వేయించాడు. పెద్దవాడు వెళ్లాడు, రాయయ్యాడు. నడిపివాడు వెళ్లాడు, రాయయ్యాడు.

"అన్నలిద్దర్నీ తీసుకునే వస్తానమ్మా" అని మూడోవాడు సుధన్వుడు బయల్దేరాడు.

ఏడు సముద్రాలూ దాటాడు. అక్కడొక రాతికొండ. బండల పగుళ్లలో, పిడికిళ్లు ముడిచినట్టు ఎండిన మొక్కలు.

"అయ్యో, చచ్చిపోయాయే!"

"నీ మొహం! అదే పిడికిలాకు, నీళ్లు చల్లి చూడు" అంది బండమీది ఉడుము.

చల్లాడు. పూట గడిచేసరికి మొక్క పిడికిలి విప్పి, పచ్చగా పరుచుకుంది. పొలుసుల్లాంటి సన్నసన్నటి ఆకులు.

"పువ్వెప్పుడు పూస్తుంది, ఉడుము మామా?"

"మా తాతలు ముత్తాతలు ఈ బండమీదే బతికారు. ఒక్కరూ చూడలేదు. దీనికి పువ్వు లేదు, కాయ లేదు, గింజ లేదు. కొసల్లోంచి పొడి రాలుతుంది, ఆ పొడే తడి తగిలిన చోట మొలుస్తుంది. పొలాల్లో వెతికితే దొరకదు, వానకు తడిసే కొండబండలే దీని ఊళ్లు. ఇంకో మాట. ఆ మాంత్రికుడి ప్రాణం వాడి ఇంట్లో పంజరంలోని చిలుకలో ఉంది. చిలుక ఎవరి చేతిమీద వాలితే వాడి మంత్రాలు వాళ్లవి."

సుధన్వుడు మొక్క పట్టుకుని మాంత్రికుడి ముందు నిలబడ్డాడు.

"పువ్వేదిరా?"

"పొడుపుకథ వేసినవాడే విప్పాలి తాతా. నువ్వే చూపించు. చూపిస్తే నా తల నీది. చూపించలేకపోతే నీ పంజరం నాది."

జటాలుడు పకపకా నవ్వాడు. కొసల్లో నిలబడిన నాలుగు పలకల కంకులు చూపించి, "ఇవేమిటనుకున్నావు? మొగ్గలు! మూడ్రోజుల్లో విచ్చుకుంటాయి" అన్నాడు.

మొదటిరోజు విచ్చుకోలేదు. రెండోరోజు విచ్చుకోలేదు. మూడోరోజు కంకులు పగిలాయి. పొడి రాలింది, అంతే. జటాలుడు వేలితో తుడిచి చూశాడు, మళ్లీ తుడిచాడు.

"ఇన్నేళ్లూ మొగ్గలే అనుకున్నానే!" అంటూ పంజరం లాక్కోబోయాడు.

అప్పటికే పంజరం పక్కనున్న హేమలేఖ దాని గొళ్లెం తీసింది. రోజూ మేత పెట్టిన చేయి కదా, చిలుక వచ్చి ఆ చేతిమీదే వాలింది. మాంత్రికుడు ఒట్టి ముసలాడై కూలబడ్డాడు. రాళ్లు మనుషులయ్యాయి.

"ఇంతసేపా రావడానికి?" అన్నాడు పెద్దన్న, ఒళ్లు విరుచుకుంటూ.

"దండలో ఏ పూలు గుచ్చమంటారు?" అని అడిగింది హేమలేఖ పెళ్లినాడు.

"ఏవైనా సరే, పూసేవి గుచ్చు చాలు" అన్నాడు సుధన్వుడు.

వాళ్లు నిండు నూరేళ్లు రాజ్యమేలారు. వాళ్ల కథ వాళ్ల రాజ్యంలో ఉండిపోయింది, మన అన్నాలు మన కంచాల్లోకి వచ్చాయి.