రాజీ తాంబూలం

కొండవాగు సంస్థానాన్ని ఏలే సోమభూపతికి వ్యాజ్యాలు వినడమంటే తలనొప్పి. ఒకనాడు విసుగెత్తి, "ఆరు నెలల్లో నేరాల చిట్టా ఖాళీ చేసినవాడికి నా చేతి బంగారు కడియం ఇస్తాను" అని సభలో ప్రకటించాడు.

దండాధికారి వీరమల్లప్ప మీసం దువ్వుకుంటూ ఒక పద్ధతి పెట్టాడు. నిందితుడికి తాంబూలం అందిస్తాడు. పుచ్చుకుంటే నేరం ఒప్పుకున్నట్టే, శిక్షలో నాలుగో వంతుతో సరి. వద్దంటే విచారణ వచ్చేదాకా చెరసాల. ఆ విచారణ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని తప్పు చేసినవాళ్లూ, చేయనివాళ్లూ చేయి చాపారు. తాంబూలం పుచ్చుకున్నాక ఇక మాట తప్పడానికి లేదు.

ఆరో నెల చివరికి ఒక్కడు మిగిలాడు. పట్టపుటేనుగు మావటి పోలయ్య. ఏనుగు మెడలోని వెండి గంట దొంగిలించాడని నింద. నాలుగు నెలలుగా చెరలో ఉండి కూడా, "తీయనిది తీశానని ఎట్లా అనేది?" అంటూ వచ్చాడు. ఆ రోజు మాత్రం సభలో తల వంచుకున్నాడు. ఇంటి దగ్గర భార్యకు నెలలు నిండాయి.

"ఇయ్యండి దొరా, పుచ్చుకుంటాను. దొంగనే అనిపించుకుంటాను" అన్నాడు.

రాజు చేతి కడియం తీశాడు. వీరమల్లప్ప మణికట్టు ముందుకు చాపాడు.

రాజుగారి ఆకువక్కల సంచి మోసే నౌకరు తిప్పన అడ్డం వచ్చాడు.

"ప్రభూ, ముందు నా ఫిర్యాదు వినండి. తమరి వెండి సున్నపుకాయ పోయింది. నిన్న విందులో దాని పక్కన కూర్చున్నది దండాధికారిగారే."

"ఒరే తిప్పా! నోరు అదుపులో పెట్టుకో! నేను దొంగనా?"

"నేనెక్కడన్నానండీ? విచారణలో అదే తేలుతుంది. అందాకా చెరసాల. తమరు పెట్టిన నియమమే కదా."

రాజుకు సరదా పుట్టింది. "నియమం నీదే వీరమల్లప్పా, నేనేం చేసేది?"

"ప్రభూ, గురువారం నా కూతురి పెళ్లి!"

"అయితే రాజీ పడండి" అంటూ తిప్పన సంచి విప్పాడు. లేత తమలపాకు తీసి, తొడిమ గిల్లి, సున్నం రాసి, వక్కపలుకులు పెట్టి మడిచాడు. "చిన్న వస్తువే కనుక పూర్తి శిక్ష నలభై గుంజీలు అనుకుందాం. నాలుగో వంతు పది. తీసేసి పెళ్లిపనులు చూసుకోండి."

"పదా? మోకాళ్ల నొప్పులయ్యా! అయిదు చెయ్యి."

"ఏడు."

"ఆరు చేసుకో, నీకు పుణ్యముంటుంది."

"సరే, ఆరు."

వీరమల్లప్ప గబుక్కున తాంబూలం లాక్కున్నాడు.

రాజు తెల్లబోయాడు. "అంటే నా సున్నపుకాయ నువ్వే తీశావా?"

"లేదు ప్రభూ! ఒట్టు! పెళ్లి ఆగిపోతుందని ఒప్పుకున్నాను, అంతే!"

తిప్పన చేయి పైకెత్తాడు. వేళ్ల మధ్య వెండి సున్నపుకాయ తళుక్కుమంది.

"మరి ఇంతమంది ముందు ఆ ఆకుకు సున్నం దేంట్లోంచి తీసి రాశానండీ?"

సభ గొల్లుమంది. రాజు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ పోలయ్యను చూసి ఆగిపోయాడు.

"వీరమల్లప్పా, ఇతను గంట తీయడం చూసిందెవరు?"

"ఎవరూ చూడలేదు ప్రభూ."

"ఏనుగును కడిగే రేవులోనైనా వెతికించావా?"

వీరమల్లప్ప అడ్డంగా తల ఊపాడు.

"విసుగు నాది, చెర వీళ్లది. తప్పు నాదే" అన్నాడు రాజు. "పోలయ్యా, ఇంటికి పో. తాంబూలం పుచ్చుకున్న వాళ్లందరి వ్యాజ్యాలూ రేపటి నుంచి నేనే వింటాను."

పోలయ్య దండం పెట్టి, పరుగులాంటి నడకతో గడప దాటాడు.

రాజు కడియం తిప్పన వైపు చాపాడు. తిప్పన పుచ్చుకోలేదు. రెండు చెవులూ పట్టుకున్నాడు.

"అబద్ధపు ఫిర్యాదు కూడా నేరమే ప్రభూ. నాకు రాజీ వద్దు. నలభైకి నలభై తీస్తాను. ఆ తరువాతే కడియం."

వీరమల్లప్ప మెల్లగా జారుకోబోయాడు.

"ఎక్కడికండీ?" అన్నాడు తిప్పన, మొదటి గుంజీ తీస్తూ. "తాంబూలం పుచ్చుకున్నారు. ఆరున్నాయి!"

సభంతా నవ్వుతుంటే, రాజు సింహాసనం మీద నుంచి గొంతెత్తి లెక్కపెట్టసాగాడు.