టర్బో వేయించుకున్న గాడిద

అడవిని రెండు ముక్కలు చేస్తూ నాలుగు వరసల రోడ్డు పడ్డాక చాలా మారాయి. జింకలు అటూ ఇటూ చూసి దాటడం నేర్చుకున్నాయి. ఏకాంబరం అనే నక్క రోడ్డు పక్కన మెకానిక్ షెడ్డు తెరిచింది. వీరాస్వామి అనే గాడిద మృగరాజుగారి కారుకి డ్రైవరయింది.

గాడిదకి ఉద్యోగం బాగానే ఉంది, నెలకోసారి వచ్చే గండం ఒక్కటి తప్ప. రాజుగారి అత్తగారు కేసరమ్మని అవతలి అడవి నుంచి తీసుకురావాలి. రానూపోనూ నాలుగువందల కిలోమీటర్లు. దారిలో ఒక్క పెట్రోలు బంకు లేదు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ఆవిడకి భోజనం పడాలి. గుహకి చేరితే భోజనం గుహలో. బండి దారిలో ఆగితే భోజనం బండిలోనే ఉంది, స్టీరింగు పట్టుకుని.

పోయినసారి గుహ ముందు బ్రేకు వేసేసరికి పెట్రోలు ముల్లు సున్నా మీద ఉంది. గాడిద మర్నాడే షెడ్డుకి పరుగెత్తింది.

"మేస్త్రీ! నాకు మైలేజీ కావాలి. నా ప్రాణం దాని మీదే ఉంది."

"టర్బో వేయించుకో వీరాసామీ," అంది నక్క. "ఇంజనులోకి గాలిని తోసే సామాను. గాలి ఎక్కడిది? ఊరికే వచ్చేది. సగం గాలితో నడుస్తుంది, సగం పెట్రోలు మిగులుతుంది."

పక్కన నెమరేస్తున్న పుల్లయ్య అనే ముసలి ఎద్దు తల తిప్పింది. "కొలిమిలో తిత్తి గట్టిగా ఊదితే బొగ్గు మిగులుతుందిట్రా?"

"కొలిమి వేరు, కారు వేరు తాతా," అని నక్క ఆ మాట తుంచేసింది. టర్బో బిగించి, గాడిదని పక్కన కూర్చోబెట్టుకుని ఘాట్ రోడ్డు పైనుంచి కిందికి బండి వదిలింది. "చూశావా? లీటరుకి నలభై!"

"దిగేటప్పుడు బండరాయి కూడా మైలేజీ ఇస్తుంది," అంది ఎద్దు.

ఎద్దు మాట ఎవరు వింటారు? గాడిద ఆనందంతో ఓండ్రపెట్టింది. తనకి జీతం కింద వచ్చే మాంసం వాటా ఎలాగూ తినలేదు కాబట్టి, ఏడాదిపాటు అది నక్కకి రాసిచ్చేసింది.

సంగతి విని రాజుగారు మురిసిపోయారు. అప్పుడు ఎద్దు వినయంగా దణ్ణం పెట్టింది. "ప్రభూ, లారీలవాళ్ళలో ఓ ఆనవాయితీ ఉంది. ఇంజనుకి కొత్త సామాను పడితే మొదటి ప్రయాణంలో మేస్త్రి పక్కన కూర్చుని చప్పుడు వినాలి."

"భేష్! ఏకాంబరం వెళ్తాడు," అన్నారు రాజుగారు.

బండి దారిలో ఆగితే కేసరమ్మ ముందు తనూ ఉంటానని నక్కకి తెలుసు. అయినా తనకి తానే సర్దిచెప్పుకుంది. 'ఈ గాడిద ఏనాడూ ఎనభై దాటలేదు. మెల్లగా పోతే టర్బోకి పనే ఉండదు, పాత మైలేజే వస్తుంది. పాత మైలేజీతో ఇల్లు చేరతాం కదా!'

లెక్క సరైనదే. గాడిదే మారిపోయింది. తెల్లవారుజామున బయల్దేరి మొదటి లారీని దాటబోతూ కాలు గట్టిగా వత్తేసరికి, వీపు సీటుకి అంటుకుని బండి ఈలవేస్తూ దూసుకుపోయింది. పుట్టిబుద్ధెరిగి ఎవరినీ దాటని గాడిద అది. ఇక కనిపించిన ప్రతి లారీనీ దాటడమే పని. దాటడానికి లారీ లేకపోతే, వచ్చేదాకా నూటపాతిక.

"మెల్లగా పోరా నాయనా," అంది నక్క.

"పెట్రోలు మిగుల్తుందన్నారుగా మేస్త్రీ! మిగిలింది ఏం చేసుకుంటాం?"

కేసరమ్మ ఇంటి ముందు ఆగేసరికి ముల్లు సగం కంటే కిందికి పోయింది. ఆవిడ తీరిగ్గా ముస్తాబై తొమ్మిదిన్నరకి వెనక సీటులో సర్దుకుని కూర్చుంది. రెండు లారీలు దాటాక ఆవిడకీ హుషారు పుట్టింది.

"ఏరా వీరాస్వామీ, ఆ ఈల బాగుందిరా. ఇంకోసారి వేయించు!"

గాడిద వేయించింది. మళ్ళీ వేయించింది. పెట్రోలు అయిపోవచ్చిందని ముల్లు పక్కన ఎర్రదీపం వెలిగాక నక్క ఇక ఆపుకోలేకపోయింది.

"ఒరే, ఆపరా! ఎంత గాలి తోస్తే అంత పెట్రోలూ తాగుతుందిరా! ఈల వచ్చిందంటే ట్యాంకు ఖాళీ అవుతోందని! ఎనభైలో పోయి ఉంటే ఇల్లు చేరేవాళ్ళం!"

"మరి సగం మిగులుతుందన్నారు?"

"అమ్మేటప్పుడు ఎవడైనా అలాగే అంటాడ్రా!"

వెనక సీటులో కేసరమ్మ చెవులు నిక్కాయి. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. గుహ ఇంకా ఇరవై కిలోమీటర్లు. టైము పన్నెండు కావస్తోంది.

ఆవిడ తాపీగా కిందికి దిగి ఇద్దరినీ ఎగాదిగా చూసింది. గాడిద కళ్ళు మూసుకుని పెళ్ళాం పిల్లల్ని తలుచుకుంది.

"అమ్మగారూ," అంది నక్క తొందరగా, "గాడిదయితే తమకి నాలుగు పూటలొస్తుంది. నన్ను చూడండి, తోక తీసేస్తే ఏముంది నాలో?"

"నిజమే. కానీ ఇక్కణ్ణించి బండి ఎవరో ఒకరు నెట్టాలి. నువ్వు నెడతావా?"

నక్క తన కాళ్ళకేసి చూసుకుంది.

"పోనీ, బాగుచేస్తావా?"

"చెడిపోతే కదండీ బాగుచెయ్యడానికి! పెట్రోలు లేదంతే."

"అయితే మేస్త్రితో పనేముంది?" అంది కేసరమ్మ.

పొద్దుగూకేవేళకి కేసరమ్మ వెనక సీటులో కునుకు తీస్తుంటే, గాడిద బండిని నెట్టుకుంటూ గుహ ముందుకొచ్చింది. ముందు సీటు ఖాళీగా ఉంది.

"మేస్త్రి ఏడిరా?" అడిగింది ఎద్దు.

గాడిద చెమట తుడుచుకుంది. "టర్బోది తప్పేం లేదు తాతా. మేస్త్రే ఒక్క పూటకి మించి రాలేదు."

నీతి: అబద్ధం చెప్పి అమ్మిన బండిలో, ఎంత మర్యాదగా పిలిచినా, ఎక్కకూడదు.