ఆకాశరామన్న ఉత్తరానికి దిద్దుబాటు

ఏ కాగితం చేతికొచ్చినా పెన్సిలుతో దిద్దకుండా వదలరు అప్పలనరసయ్య మాస్టారు. రిటైరై పన్నెండేళ్ళయినా, పెళ్ళి శుభలేఖలను సైతం దిద్ది తిప్పి పంపుతుంటారు. ఆయన శిష్యులలో ఇద్దరు, పైడిరాజూ త్రినాథూ, పక్కపక్క ఊళ్ళలో డిగ్రీ కాలేజీలకు ప్రిన్సిపాళ్ళయ్యారు. ఆ ఏడు నాణ్యత పరీక్షించే బృందం వచ్చి త్రినాథు కాలేజీకి ఎ గ్రేడూ, పైడిరాజు కాలేజీకి బి గ్రేడూ ఇచ్చి పోయింది.

పైడిరాజు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. త్రినాథు ఫొటో పడిన పేపరును స్టాఫ్ రూములోకి రానివ్వలేదు. వారం రోజులు అన్నం సయించక, చివరికి మాస్టారి దగ్గరకొచ్చాడు.

"గురువుగారూ, ఒకే బెంచీ మీద కూర్చుని చదివాం. వాడికి సన్మానాలూ, నాకు చీవాట్లూనా? ఇదేం న్యాయమండీ?"

మాస్టారు అతని చొక్కా జేబులో ఆ కవరేమిటని అడిగారు. అది త్రినాథు మీద పైవాళ్ళకు రాసిన ఆకాశరామన్న ఉత్తరం. చేరితే వాడి గ్రేడూ, కుర్చీ రెండూ ఊడతాయని చెప్పి, భాష మాత్రం ఒక్కసారి చూడమన్నాడు. అలవాటు అలాంటిది మరి, గురువు దిద్దనిదే ఏదీ పోస్టు చేసి ఎరగడు.

మాస్టారు చదివారు. త్రినాథు కాలేజీ పేరున్న మూడుచోట్లా కొట్టేసి, పైన పైడిరాజు కాలేజీ పేరు రాశారు.

"పైకి చదువు. అబద్ధం తగిలిన చోట ఆగు, కొట్టేద్దాం."

పైడిరాజు చదవసాగాడు. హైస్కూలు నుంచి రెండు రోజులకు తెచ్చిన మైక్రోస్కోపులు. విద్యార్థుల పేరిట గుమాస్తా ఒక్కడే నింపిన అభిప్రాయ పత్రాలు. జరగని సమావేశాలకు రాసిన మినిట్సు. ఎక్కడా ఆగలేదు. బృందం కోసం అద్దెకు తెచ్చి పెట్టిన పూలకుండీల దగ్గర మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"కుండీలు అద్దెవి కావండి. మా బావమరిదివి."

మాస్టారు 'అద్దె' కొట్టేసి 'అరువు' అని రాశారు.

ఉత్తరం అయిపోయింది. పైడిరాజు ఉండబట్టలేక అన్నాడు. "అన్నీ మేమూ చేశాం గురువుగారూ. వాడికంటే బాగా చేశాం. అదే కదా నా ఏడుపు."

మాస్టారు పెన్సిలు పక్కన పెట్టి, పెన్ను మూత తీసి అతనికి అందించారు.

"ఇందులో ఇక తప్పుల్లేవు రాజూ. సంతకం ఒక్కటే తక్కువ."