కెజియా తెచ్చిన గుప్పెడు బియ్యం

"కెజియా! ఒసే కెజియా! పాట తర్వాత పాడుకుందువుగానీ, ఆ చేట ఇటు పట్రా."

కెజియా ఉలిక్కిపడింది. సమాధానమ్మ గారి వసారాలో గుంజకి ఆనుకుని, కాలవ నీళ్ళ మీద ఎండ మిలమిలలాడుతుంటే చూస్తూ, కూనిరాగం తీస్తూ ఊహల్లో ఎక్కడికో వెళ్ళిపోయింది ఆ పిల్ల. చేట తీసుకుని పరుగున వచ్చింది.

సమాధానమ్మ గారు ఆ పేటకి బైబిలు అమ్మగారు. ఇంటింటికీ తిరిగి వాక్యం చెబుతారు, జబ్బుపడ్డవాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థన చేస్తారు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించడం లేదు. వెంట తిరగడానికి ఒక పిల్లని చూసుకోమన్నారు గుడి పాస్టరు గారు. ఆ పిల్ల తనే కావాలని కెజియా ఆశ. తెల్లచీర కట్టుకుని, చంకలో బైబిలు పెట్టుకుని, పొలంగట్ల మీద నడిచిపోతున్నట్టు రోజూ కలలే.

"అమ్మగారూ, నన్నెప్పుడు తీసుకెళ్తారు? నా బతుకంతా ప్రభువుకి ఇచ్చేశాను. ఇంకేం చెయ్యమంటే అది చేస్తాను."

"ముందు బియ్యం ఏరు," అన్నారు సమాధానమ్మ గారు.

ఆ గుడిలో ఆడవాళ్ళకి ఒక అలవాటుంది. పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేస్తారు. వేసేటప్పుడు ఒకరి పేరు చెప్పి దేవుణ్ణి అడుగుతారు. ఏ ఇంటివాళ్ళు ఎవరి పేరు చెప్పాలో అమ్మగారే చెబుతారు. ఆదివారం ఆ డబ్బాలు గుడికి వస్తాయి. వండుకోలేనివాళ్ళకి వాటితోనే అన్నం.

సమాధానమ్మ గారు గుడి నుంచి తెచ్చిన డబ్బాలు ఒక్కొక్కటే చేటలోకి వంపారు. సన్నబియ్యం, దొడ్డు బియ్యం, కోటా బియ్యం, అన్నీ కలిసిపోయాయి. కెజియా రాళ్ళు ఏరి పెద్ద కుండలో పోసింది.

చివర్న మిగిలింది కెజియా డబ్బా. క్రిస్మస్ నక్షత్రం నుంచి కత్తిరించిన ఎర్ర తళుకు కాగితం అంటించింది దానికి. పేట మొత్తంలో అంత అందమైన డబ్బా లేదు.

అమ్మగారు దాన్ని వంపారు. బూడిదరంగు బియ్యం. ముక్కపురుగులు చేట అంచులకి పాకాయి.

కెజియా వాటిని గబగబా అరచేత్తో వెనక్కి తోసింది.

అమ్మగారు చేట తనే అందుకుని ఎండలో పెట్టారు. పురుగులన్నీ పోయాక చెరిగి, ఏరి, కడిగి, చిన్న గిన్నెలో వేరే పొయ్యి మీద పెట్టారు.

"అవి కలపలేదేంటి అమ్మగారూ?"

"రాహేలమ్మ పేరు నీకే ఇచ్చాను కదే. నీ గుప్పిళ్ళన్నీ ఆవిడ కోసం తీసినవేగా. ఆవిడకే పెడదాం."

అన్నం ఉడికాక ఆ చిన్న గిన్నె కెజియా చేతికిచ్చారు. పెద్ద కుండలోని అన్నం కొంత ఇంకో గిన్నెలో సర్ది, గుడ్డ కట్టి తను పట్టుకున్నారు.

"రెండెందుకండీ?"

"ఉండనీ. నడు."

దారి పొడుగునా గిన్నె చేతులు కాలుస్తూనే ఉంది. అమ్మగారికి చూపు సరిగా ఆనదుగా, పురుగుల్ని గమనించి ఉండరులే అనుకుంది కెజియా. మరి వేరే పొయ్యి ఎందుకు పెట్టినట్టు? మళ్ళీ భయం వేసింది.

రాహేలమ్మ కాలవగట్టు మీద తాటాకు ఇంట్లో ఒక్కతే ఉంటుంది. జ్వరంపడి మంచం పట్టింది. వీళ్ళని చూడగానే మంచంపట్టె పట్టుకుని లేచి కూర్చుంది.

"ఎవరూ, కెజియావా? రా తల్లీ రా. మొన్న గుడిలో నువ్వు చేసిన ప్రార్థనకి అందరూ ఏడ్చారంటగా! ఊళ్ళో ముక్కు చీదని ఆడది లేదంట."

"అంత లేదు మామ్మా."

"ఊరుకోవే. వారమంతా పూటపూటా నా పేరు తలుచుకున్నావని అమ్మగారు చెప్పారులే. అదే నన్ను లేపింది. లేకపోతే ఈపాటికి గోతిలో ఉండేదాన్ని, ఏం అమ్మగారూ?"

సమాధానమ్మ గారు గుమ్మం దగ్గర కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటున్నారు.

కెజియా పళ్ళెంలో అన్నం పెట్టింది. కాస్త పచ్చిపులుసు పోసింది. వేడన్నంలోంచి ముక్కిన వాసన పైకొచ్చింది. రాహేలమ్మకి అది తెలిసినట్టు లేదు. చేతులు జోడించి కళ్ళు మూసుకుంది.

"ప్రార్థన చెయ్యి తల్లీ. నీ నోటితో వింటే సగం కడుపు అక్కడే నిండుద్ది."

కెజియా కళ్ళు మూసుకుంది. "ప్రేమగల తండ్రీ..."

తర్వాత మాట రాలేదు.

గుడిలో నిలబడితే లాకులు ఎత్తిన కాలవలా మాటలు వచ్చేవి. ఇప్పుడు ఒక్కో మాటా వెతుక్కోవాల్సొచ్చింది. "ఈ ఆహారాన్ని..." అంది. మళ్ళీ ఆగింది. పెరట్లో ఎవరిదో కోడి పెంటకుప్ప గీరుతూ కొక్కొక్కుమంటోంది. కెజియాకి ఆ చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

రాహేలమ్మ ఒక కన్ను తెరిచింది. "ఏమే, అయిపోయిందా? ఇవాళ ఇంత పొట్టి ప్రార్థనా! సరే, ఆమేన్ అనుకుంటాలే. ఆకలేస్తోంది."

ముద్ద కలిపింది. నోటి దాకా తీసుకెళ్ళింది.

"తినొద్దు మామ్మా!"

కెజియా ఆ చెయ్యి పట్టేసుకుంది. పులుసు ఇద్దరి చేతుల మీదా కారింది. గుమ్మం వైపు చూసింది. సమాధానమ్మ గారు తన గిన్నెకి కట్టిన గుడ్డ ముడి మీద వేళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. ఇంకా విప్పలేదు.

"ఏమైందే?" అంది రాహేలమ్మ.

"నేను వారమంతా ఒక్క గుప్పెడు కూడా తియ్యలేదు మామ్మా. నీ పేరు ఒక్క పూట కూడా తలుచుకోలేదు. ఆదివారం గంట కొడుతుంటే గుర్తొచ్చి డబ్బా ముంచుకొచ్చాను..." ఊపిరి అందక ఆగి, మళ్ళీ అంది. "అవి మా కోళ్ళకేసే బియ్యం."