అధ్యక్షుడు మధ్యలో ఆపిన ప్రసంగం

నరహరి శాస్త్రిగారిని సూటిగా ప్రశ్న అడిగి సూటిగా జవాబు రాబట్టినవాడు కొవ్వూరులో ఇంతవరకూ లేడు. మనం అడిగేదొకటి, ఆయన ఎత్తుకునేదొకటి. చివరికి చూసుకుంటే ప్రశ్న మళ్ళీ మన ఒళ్ళోనే ఉంటుంది. ఆయన శిష్యుడు కృపానిధి ఇప్పుడొక మంత్రిగారికి ప్రసంగాలు రాసిపెడుతున్నాడు. అమరవీరుల తల్లులకు సన్మాన సభ దగ్గరపడింది. రాసిన ప్రసంగం గురువుగారికి చదివి వినిపించి, యుద్ధకాలంలో పాలకుడి మాటకు బలం ఎక్కడి నుంచి వస్తుందండీ అని అడిగాడు. శాస్త్రిగారు ఉత్తరీయంతో కళ్ళజోడు తుడుచుకుంటూ కథ మొదలుపెట్టారు.

ఒక కొండదేశం మీదికి యుద్ధం వచ్చిపడింది. ఆ దేశాధ్యక్షుడు నోరు విప్పితే జనం అన్నం ముందు నుంచి లేచివచ్చి వినేవారు. సరిహద్దులో శిలకోట అని ఒక ఊరు. ఆ ఊరివాళ్ళు వండి పంపితేనే కొండమీది సైన్యానికి ఇంత ముద్ద. ఫిరంగుల మోత దగ్గరయ్యేసరికి ఊరంతా మూటలు కట్టుకుంది. ఊరు ఖాళీ అయితే సైన్యం పస్తు, సైన్యం పస్తుంటే దేశం చేజారినట్టే. వాళ్ళను ఆపడానికి అధ్యక్షుడు స్వయంగా వచ్చాడు. జనం మూటలు పక్కన పెట్టుకుని సభలో కూర్చున్నారు.

ముందు పతకం ఇచ్చారు. కనుమ కాపాడుతూ చనిపోయిన సింహాచలం అనే సిపాయికి వచ్చిన పతకం అది. అతని తల్లి పోలమ్మ అందుకుంది. పతకం అందుకున్నవారు అధ్యక్షుడి ప్రసంగం ముగిసేదాకా నిలబడే ఉండాలని ఆ దేశంలో ఆచారం. పడుచు సిపాయిలను చూసి పెట్టిన ఆచారం మరి. తల్లులు కూడా రావలసి వస్తుందని ఆ పెట్టిన మహానుభావులకు తట్టలేదు, ఏం చేస్తాం.

ప్రసంగం వరదగోదారిలా సాగింది. చప్పట్లే చప్పట్లు. ఊరు విడిచి వెళ్ళవద్దన్న అసలు మాట ఇంకా చివరి కాగితాల్లోనే ఉంది. అప్పుడు అధ్యక్షుడి చూపు పోలమ్మ మీద పడింది. ఆమె మోకాళ్ళు వణుకుతున్నాయి. ప్రసంగం ఆపి, కూర్చోమని బతిమాలాడు. ఆమె ఒప్పుకోలేదు.

"మావోడు పేణం పోయేదాకా నిలబడ్డాడంట బాబూ. నేనీపాటి నిలబడలేనా? మీరు కానీయండి."

ఆమెను కూర్చోబెట్టడానికి ఒకటే దారి. అధికారులు వద్దు వద్దని సైగలు చేస్తున్నా అధ్యక్షుడు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా ప్రసంగం ముగిసింది అని చెప్పి, తన కుర్చీ తానే మోసుకొచ్చి పోలమ్మ వెనక వేశాడు. అడగవలసింది అడగనే లేదు. అధికారులు తలలు పట్టుకున్నారు.

జనం లేచారు, మూటలు ఎత్తుకున్నారు. అంతా అయిపోయిందనుకున్నాడు అధ్యక్షుడు. వాళ్ళు మాత్రం ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళి మూటలు విప్పారు. పొద్దు వాలకముందే శిలకోటలో ప్రతి ఇంటి కప్పు మీదా పొయ్యిపొగ లేచింది. ఆ పొగ చూసి కొండమీద సిపాయిలు జయజయధ్వానాలు చేశారట. ఇది చెబుతూ శాస్త్రిగారు గర్వంగా తలెత్తారు, అదేదో తన సొంతూరైనట్టు. ఆ దేశంలో ఇప్పటికీ పతకం అందుకున్నవాళ్ళు కూర్చుంటారట, అధ్యక్షుడే నిలబడతాడట.

కృపానిధి చేతిలోని కాగితాల వంక చూసుకున్నాడు. అయితే ప్రసంగం బాగా కుదించమంటారా అని మెల్లగా అడిగాడు.

శాస్త్రిగారు కళ్ళజోడు పెట్టుకున్నారు.

"నీ రాతకేం నాయనా, బాగానే ఉంది. ముందు వెళ్ళి, ఆ తల్లులకు కుర్చీలు ఎక్కడ వేయిస్తున్నారో కనుక్కో."