గుట్టెక్కి కూర్చున్న నక్క

చెరకు తోట వెనక గుట్ట కింద కొంగమ్మ వైద్యం చేసేది. ఎద్దు సోమెన్న, నక్క జగ్గప్ప మూడు వారాలకోసారి ఆమె దగ్గరికి వచ్చి మందు ఎక్కించుకునేవాళ్లు. ఇద్దరికీ ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ గడ్డ.

"ఈ మందు గడ్డను నేరుగా కొట్టదు," అని కొంగమ్మ మొదటిరోజే చెప్పింది. "మీ ఒంట్లో రోగంతో పోరాడే కణాలున్నాయే, కట్టేసి ఉన్న ఆ కాపలా కుక్కల్ని వదులుతుంది. అవి గడ్డను కరుస్తాయి. ఒక్కోసారి పొరబడి ఇంటివాళ్లనూ కరుస్తాయి. విరేచనాలు, దద్దుర్లు, ఆయాసం, ఏదొచ్చినా ఆరోజే చెప్పండి."

కుక్కల మాటెత్తగానే జగ్గప్పకు సగం ప్రాణం పోయింది. అయినా మందు బాగానే పనిచేసింది. గడ్డ తగ్గుతూ వచ్చింది.

నాలుగోసారి సోమెన్న వరుసలో నిలబడే చెప్పేశాడు.

"డాక్టరమ్మా, నిన్నట్నుంచి ఏడుసార్లు గట్టు దాటి పరిగెత్తాను."

జగ్గప్ప పడీపడీ నవ్వాడు. "మావా, ఆ సంగతి ఊరంతా వినాలా?"

కొంగమ్మ నవ్వలేదు. సోమెన్నకు మందు ఆపేసి, మాత్రలిచ్చి పంపింది.

తర్వాతి విడతకు జగ్గప్పకు దగ్గు, ఆయాసం మొదలయ్యాయి. చెబితే తనకూ మందు ఆపేస్తుందని భయం. పైగా మావను చూసి అంత నవ్వాక ఏ మొహంతో చెప్పాలి?

మందు ఎక్కించే ముందు కొంగమ్మ అందరినీ గుట్ట ఎక్కించి ఊపిరి చూసేది. జగ్గప్ప తెల్లవారగానే వచ్చి, నాలుగడుగులకోసారి కూర్చుంటూ ఎలాగో పైకి చేరి, కొంగమ్మ ఎగిరొచ్చేసరికి ఆయాసం తీర్చుకుని కూర్చున్నాడు.

"నేను రెండుసార్లు ఎక్కి దిగాను డాక్టరమ్మా. మీరే ఆలస్యం."

"దగ్గేమైనా ఉందా?"

"అబ్బే," అన్నాడు గొంతులో దగ్గు మింగుతూ. మెల్లగా దిగొచ్చి మందు ఎక్కించుకున్నాడు.

ఆరోరోజుకు ఊపిరాడక పడిపోయాడు. సోమెన్నే వీపు మీద వేసుకుని, అదే వరుస ముందునుంచి మోసుకొచ్చాడు. జగ్గప్ప తలెత్తలేదు.

"ఇది గడ్డ పని కాదు," అంది కొంగమ్మ. "కుక్కలు నీ ఊపిరితిత్తులనే కరుస్తున్నాయి. ఆయాసం ఎప్పట్నుంచి?"

అబద్ధమాడదామంటే అందుకూ ఊపిరి చాలలేదు. "గుట్ట... కూర్చుంటూ ఎక్కాను. మీరు మందు ఆపేస్తారని."

"ఆరోజే చెబితే కొన్నాళ్లు ఆపి, కుక్కలు నెమ్మదించాక వీలుంటే మళ్లీ ఇచ్చేదాన్ని. సోమెన్నకు అలాగే ఇస్తున్నాను. నీకు ప్రాణం నిలబెడతాను గానీ, ఆ మందు ఇక ఎప్పటికీ ఇవ్వలేను."

జగ్గప్ప సిగ్గుతో చితికిపోయాడు. "నిన్ను చూసి నవ్వాను మావా."

"నవ్వితే నవ్వావులే. నాకైనా చెప్పాల్సింది అల్లుడూ."

ఆ మాటకు జగ్గప్ప తోకలో మొహం దాచుకుని ఏడ్చాడు.

వైద్యుల దగ్గర బాధ దాచినవాడు మోసం చేసేది తన ఒంటినే.